టికెట్టు కొనకముందే అడగండి

జంగారెడ్డిగూడెం నుంచి గోదావరి గట్టు పెద్ద దూరమేమీ కాదు. పట్టిసం వీరభద్రస్వామి దర్శనానికైనా, పాపికొండల లాంచీ ప్రయాణానికైనా తెల్లవారుజామున బయలుదేరితే సరిపోతుంది. అయినా ఈ చుట్టుపక్కల ఊళ్లలో మోకాళ్లు అరిగిపోయిన పెద్దవాళ్లు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు, చిన్నతనంలో పోలియో బారినపడ్డవాళ్లు ఎందరో ఆ నది మీద ప్రయాణం మాటే ఎప్పుడో వదిలేసుకున్నారు. మరోపక్క అమెరికాలో స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రుల్ని అలాస్కాకో కరీబియన్ దీవులకో క్రూయిజ్‌లో తీసుకెళ్తున్నారు. ఇక్కడ లాంచీ ఎక్కలేననుకున్న అమ్మ అక్కడ వీల్‌చైర్‌లో కూర్చుని పది అంతస్తుల ఓడ ఎక్కుతోంది, సముద్రం చూసి వస్తోంది. మనిషి ఆవిడే, మోకాళ్లు అవే. తేడా అంతా డబ్బులో ఉందని చాలామంది అనుకుంటారు. డబ్బు సంగతి కొంత నిజమే. కానీ అక్కడి పద్ధతిని దగ్గరగా చూస్తే అంతకంటే ముఖ్యమైనది ఒకటి కనిపిస్తుంది. నడవలేని ప్రయాణికుడికి అందే సాయం ఓడ ఎక్కేచోట మొదలు కాదు, టికెట్టు కొనేటప్పుడు మొదలవుతుంది. అప్పుడు ఏం చెప్పాం, ఏం అడిగాం అన్నదాన్ని బట్టే మిగతాదంతా నడుస్తుంది. ఈ పని ఖర్చు లేకుండా మన చేతుల్లో ఉన్నదే, అయినా మనం దాన్ని చేయడం లేదు.

ఉదాహరణకు ఐరోపా యూనియన్‌లో ఓడ ప్రయాణికుల హక్కుల మీద 1177/2010 అనే నిబంధన ఉంది. అది 2012 డిసెంబర్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. సముద్రంలో తిరిగే ఓడలతోపాటు నదుల్లో తిరిగే వాటికీ వర్తిస్తుంది. పన్నెండు మందికి మించని చిన్న పడవలకు మినహాయింపు ఇచ్చారు. ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు తెలియజేస్తే రేవులోనూ ఓడ ఎక్కి దిగేటప్పుడూ ఉచితంగా సాయం చేయాలని ఆ నిబంధన చెబుతుంది. ఎలాంటి గది కావాలి, ఎక్కడ కూర్చోవాలి, వెంట ఏ వైద్య పరికరం తెచ్చుకుంటున్నారు అన్నవి మాత్రం 48 గంటల దాకా ఆగకుండా టికెట్టు తీసుకునేటప్పుడే చెప్పాలి. వెడల్పు తలుపున్న గది నిండిపోయాక ఎంత మంచి సిబ్బంది అయినా చేయగలిగింది లేదు కాబట్టి ఈ షరతు న్యాయమైనదే. ఇంకో మంచి విషయం, ఈ సాయం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే పరిమితం కాదు. వయసు వల్ల కదలిక తగ్గినవాళ్లనూ ఆ నిబంధన కలుపుకుంది. మన ఊళ్లలో సదరం సర్టిఫికెట్ లేని పెద్దవాళ్లు తమకు అడిగే హక్కే లేదనుకుంటారు. ఆ సంకోచం అక్కర్లేదు. మన దేశంలో విమానాలకు కూడా ఇదే 48 గంటల లెక్క ఉంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు శంషాబాద్‌లో వీల్‌చైర్ పెట్టించడం తెలుగు కుటుంబాలకు ఇప్పుడు కొత్తేమీ కాదు. అంటే పద్ధతి మనకు తెలుసు, దాన్ని నీళ్ల దాకా తీసుకురాలేదంతే.

పెద్ద ఓడల్లో అన్నీ అమరిపోతాయని నమ్మి బయలుదేరినా ఇబ్బందే. క్రూయిజ్ కంపెనీలు వీల్‌చైర్ సాయం అనేమాటకు మామూలుగా ఇచ్చే అర్థం చాలా చిన్నది. రేవు టెర్మినల్ నుంచి ఓడలోకి, చివరి రోజు ఓడ నుంచి బయటికి కుర్చీలో తోసుకెళ్లడం వరకే వాళ్ల పూచీ. మధ్యలో భోజనశాలకు, డెక్ మీదికి, గదికి తిరగడానికి కుర్చీ మనదే ఉండాలి, లేదా అద్దెకు తెచ్చుకోవాలి. ఓడలో ఉండే కొద్ది కుర్చీల్ని అత్యవసరాలకు అట్టేపెడతారు. మామూలు గది తలుపులోంచి చాలా కుర్చీలు దూరవు. కుర్చీని బయట వరండాలో వదలనివ్వరు, నిప్పు అంటుకుంటే అందరూ పరుగెత్తే దారి అదే కాబట్టి. అందుకే ప్రత్యేకంగా కట్టిన, వెడల్పు తలుపు, గడప లేని స్నానాలగది ఉన్న క్యాబిన్ కావాలి. ఒక్కో ఓడలో అలాంటివి కొన్నే ఉంటాయి, అవే ముందు అమ్ముడుపోతాయి. ఇక కొన్ని ఊళ్లలో ఓడ ఒడ్డుదాకా రాదు. కరీబియన్‌లోని గ్రాండ్ కేమన్, గ్రీసులోని సాంటోరిని అలాంటివి. అక్కడ ఓడ సముద్రంలో ఆగితే చిన్న బోటులోకి దిగి ఒడ్డుకు చేరాలి. అలలు లేచిన రోజున వీల్‌చైర్‌తో ఆ బోటు ఎక్కనివ్వకపోవచ్చు. టికెట్టు తీసుకునేటప్పుడు ఏయే రేవుల్లో ఓడ గట్టుకు ఆనుకుంటుంది, ఎక్కడ చిన్న బోటు ఎక్కాలి అని ఒక్క ప్రశ్న అడిగితే, అక్కడికి వెళ్లాక అమ్మను ఓడలో ఒంటరిగా వదిలి మిగతావాళ్లు ఊరు చూసిరావలసిన పరిస్థితి తప్పుతుంది. వైజాగ్ నుంచి 2022 జూన్‌లో కార్డేలియా అనే క్రూయిజ్ కంపెనీ ఓడ ప్రయాణాలు నడిపింది, 2023 సెప్టెంబర్ 4న అక్కడ అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. కాబట్టి ఈ ప్రశ్నలు ఇకమీద విదేశాలకు వెళ్లేవాళ్లకే కాదు, జంగారెడ్డిగూడెం బస్టాండు నుంచి బయలుదేరేవాళ్లకూ పనికొస్తాయి.

ఇక అసలు నేర్చుకోవలసిన పని, మన అవసరాన్ని చెప్పడం. "మా నాన్నగారు సరిగ్గా నడవలేరండీ, కాస్త చూసుకోండి" అంటాం. ఆ మాటలో వినయం ఉంది, సమాచారం లేదు. వినేవాడికి ఆయన కర్ర పట్టుకుని నడుస్తారో, మంచం దిగలేరో తెలియదు. తప్పకుండా చూసుకుంటామండీ అని వాళ్లూ మర్యాదగానే జవాబిస్తారు, రేవులో ఇద్దరూ చిక్కుల్లో పడతారు. చెప్పవలసింది కొలతల్లో చెప్పాలి. సాయం లేకుండా ఎన్ని అడుగులు వేయగలరు? చెయ్యి పట్టుకుంటే మెట్లు ఎక్కగలరా, ఎక్కితే ఎన్ని? కుర్చీలోంచి లేచి పక్క సీటులోకి తానే మారగలరా, ఎవరైనా ఎత్తాలా? ఎత్తాలంటే మనిషి బరువెంత? కుర్చీ వెడల్పు ఎంత, మడిస్తే ఎంత, బరువు ఎంత? మామూలు మడత కుర్చీ పదిహేను, పద్దెనిమిది కిలోలు ఉంటే, బ్యాటరీతో నడిచేది దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. బ్యాటరీ ఏ రకమో కూడా అడుగుతారు. మరుగుదొడ్డికి ఎంతసేపటికొకసారి వెళ్లాలి, అక్కడ పట్టుకోవడానికి కమ్మీ కావాలా? ఈ చివరి ప్రశ్న దగ్గర మనవాళ్లు నోరు విప్పరు. ప్రయాణాలు మానుకోవడానికి ఎక్కువసార్లు కారణం మెట్లు కావు, ఇదే. లాంచీలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉండాల్సి వస్తుందని తెలిసి నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు మన ఇళ్లలో తక్కువేమీ కాదు. ఆరోగ్యం బాగాలేని మనిషి ఎండలో రోజంతా దాహంతో కూర్చోవడం కంటే ఫోనులో ఒక ముక్క అడగడం మేలు. ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి, ఫొటో తీసి, వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపాలి. జవాబు కూడా రాతలోనే తీసుకోవాలి. ఫోనులో సరేనన్న మనిషి మనం వెళ్లే రోజున రేవులో ఉండకపోవచ్చు, రాసింది మాత్రం చేతిలో ఉంటుంది.

గోదావరి మీద సంగతి కొంచెం కష్టం, దాన్ని దాచి లాభం లేదు. పోలవరం పనులు మొదలయ్యాక పాపికొండలకు ఇటు నుంచి వెళ్లే బోట్లు గండిపోచమ్మ దగ్గర బయలుదేరుతున్నాయి. సాధారణంగా గట్టు నుంచి బోటుకు ఒక బల్ల వేస్తారు, దాని మీదుగా ఎక్కుతాం. బల్ల వెడల్పు ఒక మనిషికి సరిపోతుంది, కుర్చీకి సరిపోదు. పై అంతస్తుకు నిటారు మెట్లు. పేరంటాలపల్లిలో దిగితే ఇసుక, తర్వాత ఎక్కుడు. పట్టిసంలో గుడి నది మధ్య కొండ మీద ఉంది కాబట్టి రేవు దాటాక మెట్లూ ఉన్నాయి. వీటన్నిటికీ మించి నది ఒకే మట్టంలో ఉండదు. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర, మూడోది 17.75 అడుగుల దగ్గర ఇస్తారు. ఆ హెచ్చరికల మధ్యే ఆరు అడుగుల తేడా ఉంది. వీల్‌చైర్ ర్యాంపుకు అంగీకరించిన వాలు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. ఆ లెక్కన ఆరు అడుగుల తేడాకే డెబ్బై రెండు అడుగుల ర్యాంపు కావాలి. సిమెంటుతో ఒకచోట కట్టేసిన ర్యాంపు వానాకాలంలో మునిగిపోతుంది, వేసవిలో నీటికి అందకుండా గాల్లో ఉంటుంది. అందుకని నీటితోపాటు లేచి దిగే తేలియాడే జెట్టీ, దానికి కీలు మీద వంగే వంతెన ఉండాలి. అది మనకు చేతకాని విద్య కాదనడానికి సాక్ష్యం ఇదే నది మీద ఉంది. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య వశిష్ఠ మీద పంటు నడుస్తుంది. దాని మీదికి మోటారు సైకిళ్లు, కార్లు చక్రాల మీదే ఎక్కుతాయి, చక్రాల మీదే దిగుతాయి. కారు ఎక్కగలిగిన చోట కుర్చీ ఎక్కడానికి అడ్డేముంది? వాహనం కోసం ఆలోచించినంత మనిషి కోసం ఆలోచించలేదు, అంతే.

"ఇదంతా ఎందుకండీ, నలుగురు కుర్రాళ్లు కుర్చీతో సహా ఎత్తి లోపల పెడతారు" అని ఎవరైనా అనవచ్చు. మన ప్రాంతంలో సహాయపడే గుణానికి లోటు లేదు, ఆ మాట అన్నవాడు నిజంగానే వచ్చి ఎత్తుతాడు కూడా. ఆ మంచితనాన్ని నేను తక్కువ చేయను. కానీ కదిలే బోటుకూ గట్టుకూ మధ్య బల్ల మీద నలుగురు పక్కపక్కన నడవడానికి చోటుండదు. ఇద్దరే మోయాలి. కుర్చీ చేతులు పట్టుకుని ఎత్తితే అవి చాలా రకాల్లో ఊడి చేతికొస్తాయి. ఒకరి కాలు జారితే ముగ్గురూ నీళ్లలో పడతారు. ఎత్తడం తప్పనప్పుడు మనిషిని వేరుగా, కుర్చీని వేరుగా తీసుకెళ్లాలి. కుర్చీని చట్రం దగ్గర పట్టుకోవాలి. ఎలా ఎత్తితే నొప్పి పెట్టదో కుర్చీలోని మనిషినే అడగాలి. ఇది ప్రాణం సంగతి. మర్యాద సంగతీ ఉంది. బుట్టాయగూడెం వైపు ఏజెన్సీ గూడేల్లో రోగుల్ని డోలీలో మోసుకొచ్చే వార్తలు చదివినప్పుడు మనం అయ్యో అంటాం, రోడ్డు వేయమంటాం. విహారానికి వచ్చిన పెద్దమనిషిని నలుగురి ముందు మూటలా ఎత్తుతుంటే మాత్రం అది సాయం అనిపిస్తుంది. రెండుచోట్లా లోటు దారిదే. ఎత్తించుకున్న ఆయన మళ్లీ ఏడాది రమ్మంటే, మీరు వెళ్లి రండి, నేను ఇంటి దగ్గర ఉంటాననడం చాలా ఇళ్లలో వినే మాట. ఆయనకు ఆసక్తి లేక అలా అన్నారని ఇంట్లోవాళ్లు అనుకుంటే పొరపాటు.

దీనికంటే బరువైన అభ్యంతరం భద్రత. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. అందులో ఉన్న 77 మందిలో 26 మంది బయటపడ్డారు, వాళ్లను కాపాడడంలో ఒడ్డునున్న ఊరివాళ్ల చెయ్యి ఉంది. అక్టోబర్ 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం బోటును పైకి తీసే దాకా ఎన్నో కుటుంబాలు గట్టు మీద ఎదురుచూశాయి. అలాంటి నది మీద నడవలేనివాళ్లను తీసుకెళ్లమనడం బాధ్యత లేని సలహా కాదా? ఈ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పాలి. ఆ రోజు బోటు మునగడానికి కారణం ఉధృతంగా ఉన్న వరదలో, సుడులు తిరిగే చోట దాన్ని నడపడం. ప్రయాణికుల కాళ్లలో బలం లేకపోవడం కాదు. వరద నీటిలో వెళ్లకూడదన్న నియమం అందరికీ ఒకటే. అయితే ఆపద వస్తే నడవలేని మనిషికి మిగతావాళ్లకంటే సమయం తక్కువ దొరుకుతుందన్నది నిజం, అందుకే జాగ్రత్త ఎక్కువ కావాలి. చిన్న బోటులో కుర్చీలోనే కూర్చోబెట్టి, దానికి బెల్టుతో కట్టకూడదు. బోటు ఒరిగితే ఆ ఇనుము మనిషిని కిందికి లాగుతుంది. బోటు సీటులోకి మార్చాలి, లైఫ్ జాకెట్ బయలుదేరకముందే తొడిగి బిగించాలి, కుర్చీని మడిచి కట్టెయ్యాలి. అద్దాలు మూసిన ఏసీ గదిలో కాకుండా బయటికి దారి దగ్గరగా ఉన్న చోట కూర్చోవాలి. పక్కన ఈత వచ్చిన ఒకరు ఈ మనిషి బాధ్యతే తీసుకుని ఉండాలి. సరంగుకు, సిబ్బందికి ఈయన ఎక్కడ కూర్చున్నారో తెలిసి ఉండాలి. ఈ ఏర్పాట్లలో దేనికైనా బోటు యజమాని కుదరదంటే ఆ బోటు ఎక్కొద్దు. వరద సీజన్‌లో, సాయంత్రం చీకటిపడే వేళ, నీటిమట్టం మారుతోందన్న కబురు వచ్చినప్పుడు అసలే వద్దు. కొన్ని వైకల్యాలకు, కొన్ని బోట్లకు జవాబు వద్దనే వస్తుంది. ఆ వద్దు కూడా ముందే అడిగితేనే తెలుస్తుంది. అడగకుండా రేవుదాకా వెళ్లాక, పిల్లలు బోటులో కూర్చున్నాక, సరేలే ఎలాగో ఎక్కిద్దాం అనే తొందరలోనే ప్రమాదాలు పుడతాయి.

ముందే చెబితే టికెట్టే ఇవ్వరేమో అన్న భయం కొందరిది. చెప్పకుండా వెళ్తే రేవులో చూసి జాలిపడి ఎక్కించుకుంటారని ఆశ. ఆ భయానికి కారణం లేకపోలేదు, కానీ మన వైపు చట్టం ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టమే రైళ్లు, బస్సులు, విమానాలతోపాటు ఓడలను కూడా పేరుపెట్టి చెప్పింది. ఆర్థిక శక్తి మేరకు వాటిని సులువుగా ఎక్కేలా మార్చాలని, వాటిలో మరుగుదొడ్లు వీల్‌చైర్ వాడేవాళ్లకు అనువుగా ఉండాలని అడిగింది. దాని స్థానంలో వచ్చిన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అన్ని రకాల రవాణానూ తన పరిధిలోకి తెచ్చి, సేవలు అందించేది ప్రభుత్వమైనా ప్రైవేటువాళ్లైనా అందుబాటు నియమాలు పాటించాలంది. ఆ నియమాలు సలహాల్లా మిగిలిపోతున్నాయని 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు గుర్తించి, తప్పనిసరి ప్రమాణాలు తయారుచేయమని కేంద్రానికి మూడు నెలల గడువు పెట్టింది. అమెరికాలో 2005లోనే అక్కడి సుప్రీంకోర్టు, బహామాస్ జెండా కట్టుకుని తిరిగే క్రూయిజ్ ఓడలు కూడా అమెరికా నీళ్లలో ఉన్నప్పుడు ఆ దేశపు వికలాంగుల చట్టానికి లోబడాలని తేల్చింది. ఆ కేసు వేసింది ఓడల్లో తిరిగిన ప్రయాణికులే. ఐరోపా నిబంధనలో ఇంకో మాట ఉంది: ఎక్కించుకోం అంటే కారణం చెప్పాలి, అడిగితే అయిదు పనిదినాల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. మన లాంచీ యజమానిని కూడా మనం మర్యాదగా కారణం అడగవచ్చు. బల్ల వెడల్పు చాలదని అతను అంటే, అది రేపు సరిచేయగల లోటుగా తేలుతుంది. పదిమంది అడిగితే అతనికీ అది వ్యాపారంగా కనబడుతుంది. ఎవరూ అడగని చోట, అవసరమే లేదని అతను నమ్మడం సహజం.

ఈ వయసులో ఇవన్నీ అవసరమా అనేవాళ్లకు నా జవాబు చిన్నది. ప్రయాణం వయసు బట్టి మంజూరయ్యేది కాదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2.68 కోట్లమందని తేలింది. వయసుతో కదలిక తగ్గిన పెద్దవాళ్లలో చాలామంది ఆ లెక్కలోకి రానే రారు. గోదావరి పుష్కరాలు 2027లో మళ్లీ వస్తున్నాయి. అప్పుడు రేవులకు వచ్చేవాళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఉంటారు, స్నానానికీ పడవకూ మెట్లు దిగలేక పైనే నిలబడిపోయేవాళ్లూ వాళ్లే. ఘాట్‌ల పనులు, బోటింగ్ రేవుల పనులు చేసే ఇంజినీర్లను ఇప్పుడే అడగాలి. ప్రతి బోటింగ్ రేవులో ఒక్క తేలియాడే జెట్టీ, రెండు వైపులా కమ్మీలున్న మూడున్నర అడుగుల బల్ల, ఒక్క వెడల్పు తలుపు మరుగుదొడ్డి, టికెట్టు కౌంటరులో ఈ కొలతలు రాసిన బోర్డు. వీటిలో చాలావాటికి కోట్లు అక్కర్లేదు. బల్ల సంగతైతే ఏ వడ్రంగి అయినా ఒక రోజులో చేసిపెడతాడు. ఆ లోపు మన ఇంట్లో పని మనం చేద్దాం. ఇవాళ సాయంత్రం ఒక టేపు తీసుకుని అమ్మ కుర్చీ వెడల్పు కొలవండి, ఆవిడ ఎన్ని మెట్లు ఎక్కగలరో ఆవిడనే అడిగి రాసిపెట్టండి, పాపికొండల బోటుకైనా వైజాగ్ క్రూయిజ్‌కైనా డబ్బు కట్టకముందు ఆ కాగితం వాళ్లకు పంపి జవాబు రాతలో తెప్పించుకోండి.